నచ్చని కోవ ఆటకు సమీక్ష రాయవచ్చా?

వీడియో గేమ్ సమీక్షల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు దాదాపు ఒకే విషయాన్ని అడిగాయి. ఒకటి పాఠకుడి వైపు నుంచి, ఒకటి సమీక్ష రాసే మనిషి వైపు నుంచి, మరొకటి అభిమానుల మీద అనుమానంతో. అందుకే మూడింటినీ ఒకచోట చేర్చి జవాబిస్తున్నాను.

ప్రశ్న: నేను చాలా కాలంగా వంతులవారీగా ఎత్తులు వేసే టర్న్ బేస్డ్ స్ట్రాటజీ గేమ్‌లు ఆడుతున్నాను. ఈమధ్య విడుదలైన అలాంటి గేమ్ ఒకటి కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి రెండు సమీక్షలు చదివాను. మొదటి సమీక్షకుడు ‘ఈ తరహా ఆటలంటే నాకు మొదటి నుంచీ విసుగే’ అని మొదటి పేరాలోనే రాసి, పదికి అయిదు మార్కులు వేశాడు. రెండో ఆయన ఆ కోవకు వీరాభిమాని, తొమ్మిది వేశాడు. ఒకే ఆటకు ఇంత తేడా ఎలా వస్తుంది? అసలు తనకు గిట్టని జానర్ గురించి రాయడానికి మొదటి ఆయనకు ఏం అర్హత ఉంది? సమీక్షకుడు తన ఇష్టాయిష్టాలను పక్కన పెట్టి రాయాలి కదా?

జవాబు: మీ చివరి వాక్యాన్ని ముందు తీసుకుంటాను. ఇష్టాయిష్టాలను పూర్తిగా పక్కన పెట్టి ఒక ఆట గురించి చెప్పగలిగేది చాలా తక్కువ. సెకనుకు ఎన్ని ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) వేగంతో నడుస్తోంది, ఎన్ని లెవెల్స్ ఉన్నాయి, మధ్యలో ఎక్కడైనా బిగుసుకుపోతోందా అన్నవి చెప్పవచ్చు. ఆ తర్వాత చెప్పేదంతా ఆడిన మనిషికి ఎలా అనిపించిందన్నదే. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నమాట సమీక్షకుడికీ వర్తిస్తుంది. కనుక అభిరుచే లేని సమీక్షకుడి కోసం వెతకడం కంటే, తన అభిరుచి ఏమిటో దాచకుండా చెప్పి, దాన్ని దాటి కూడా చూడగలిగినవాడి కోసం వెతకడం మేలు. మీరు చెప్పిన మొదటి ఆయన తన అభిరుచిని దాచలేదు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి. దాన్ని దాటి చూశాడా లేదా అన్నదే అసలు ప్రశ్న.

‘ఈ జానర్ నాకు నచ్చదు’ అనే మాట వెనుక కనీసం మూడు వేర్వేరు పరిస్థితులు ఉంటాయి. కొందరు ఆ కోవ ఆటలు పెద్దగా ఆడి ఉండరు, ఒకటో రెండో మొదలుపెట్టి అర్థంకాక వదిలేసి ఉంటారు. కొందరు అతిగా ఆడి మొహం మొత్తి ఉంటారు. ఇంకొందరు శ్రద్ధగా ఆడి, బాగా అర్థం చేసుకుని, ఆ కోవ ఆటగాడి నుంచి కోరేది తమకు సరిపడదని నిర్ణయానికి వచ్చి ఉంటారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మొదటి రకం వారు ఆ కోవకు సమీక్ష రాయకూడదు, మూడో రకం వారు నిక్షేపంగా రాయవచ్చు. తెలియకపోవడం వల్ల అనర్హత వస్తుంది గానీ నచ్చకపోవడం వల్ల రాదు. రెండో రకం వారి విషయమే కొంచెం చిక్కు. వారికి ఆటలు తెలుసు, లోపాలు పట్టగలరు, కానీ ఆ కోవలోకి తొలిసారి అడుగుపెట్టే పాఠకుడికి కొత్తగా, ఉత్సాహంగా తోచేవన్నీ వారికి ఎప్పుడో పాతబడి ఉంటాయి. అలాంటివారికి కొంతకాలం వేరే కోవ అప్పగించడం ఎడిటర్ చూసుకోవలసిన పని.

మీకు బాగా తెలిసిన ఆటలతోనే చూద్దాం. ఒక టర్న్ బేస్డ్ స్ట్రాటజీ గేమ్ చాలా మెల్లగా సాగుతోందని ఎవరైనా రాస్తే, ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతోందో కూడా వారే చెప్పాలి. తన వంతు వచ్చినప్పుడు ఒక సైనికుడిని గోడ చాటున నిలపాలా, తెగించి ముందుకు పంపాలా అని ఆటగాడు అయిదు నిమిషాలు తలపట్టుకుని కూర్చున్నాడంటే ఆట సరిగ్గా పనిచేస్తోందని అర్థం, ఆ కోవను ఇష్టపడేవారు డబ్బు పెట్టేదే ఆ అయిదు నిమిషాల కోసం. అదే సివిలైజేషన్ వంటి ఆటలో చివరి దశకు చేరాక, కంప్యూటర్ నడిపే రాజ్యాలన్నీ తమ తమ వంతులు పూర్తిచేసేదాకా చేతులు ముడుచుకుని ఎదురుచూడవలసి వస్తే అది నిజమైన జాప్యం, దాని మీద అందరికంటే ముందు ఫిర్యాదు చేసేది ఆ కోవ అభిమానులే. ఈ రెంటినీ విడదీసి చెప్పగల సమీక్షకుడికి స్ట్రాటజీ ఆటలు నచ్చకపోయినా నాకేమీ అభ్యంతరం లేదు. విడదీయలేక అంతటినీ కలిపి ‘బోరు’ అని కొట్టిపారేసిన సమీక్ష మాత్రం మీకు గానీ, ఆ కోవకు కొత్తవారికి గానీ, ఆటను తయారుచేసినవారికి గానీ పనికిరాదు. మీరు చదివిన పదికి అయిదు ఇందులో ఏ బాపతుదో, ఆ సమీక్షను ఇంకొకసారి చదివితే మీకే తేలిపోతుంది.

ఈ సందర్భంలో గాడ్ హ్యాండ్ అనే ఆట గురించి కొంచెం వివరంగా చెప్పాలి. షింజీ మికామి దర్శకత్వంలో తయారైన ఈ పోరాట గేమ్‌ను కాప్‌కామ్ 2006లో ప్లేస్టేషన్ 2 మీద విడుదల చేసింది. గేమ్ సమీక్షలు ప్రచురించే వెబ్‌సైట్ ఐజీఎన్ దానికి పదికి 3 వేసింది. ఆ ఆటలో దెబ్బ కాచుకోవడానికి బటన్ ఉండదు. కంట్రోలర్ మీది కుడి స్టిక్‌తో తల తప్పించాలి, పక్కకు తొలగాలి, లేదా వెనక్కి గెంతాలి. కెమెరా ఎప్పుడూ వీపు వెనకే ఉంటుంది కాబట్టి ఎదురుగా ఉన్నవాడు కనబడ్డంత బాగా వెనక నుంచి వచ్చేవాడు కనబడడు. బాగా ఆడుతున్న కొద్దీ తెర మీద ఒక మీటరు పెరుగుతుంది, దానితోపాటు శత్రువుల దూకుడూ పెరుగుతుంది. దెబ్బలు తింటే మీటరు మళ్లీ దిగుతుంది. ఏ గుద్దు తర్వాత ఏ తన్ను పడాలో ఆటగాడే వరుసగా పేర్చుకోవచ్చు. మొదటి గంటలో చూస్తే ఇందులో చాలా భాగం లోపాల్లాగే తోస్తుంది. కంట్రోల్స్ మొరటుగా, కెమెరా ఇరుకుగా, కష్టం అన్యాయంగా అనిపిస్తాయి. కుడి స్టిక్ చేతికి పట్టుబడ్డాక అవే ఆటకు ప్రాణమని అభిమానులు చెబుతారు. కాలక్రమంలో ఆ ఆటకు గట్టి అభిమాన వర్గమే ఏర్పడింది. ఆ సమీక్ష రాసిన వ్యక్తికి ఆ కోవ గిట్టదని నేను అనడం లేదు. ఒక ఆట మనల్ని ఏం నేర్చుకోమంటోంది అన్న ప్రశ్నకు సమీక్షలో చోటు లేకపోతే, ఆటలోని విశిష్టత అంతా లోపాల జాబితాగా మారిపోగలదని చెప్పడానికే ఈ ఉదాహరణ తీసుకున్నాను.

ఒకే ఆటకు అంత తేడా ఎలా అని అడిగారు. తేడా ఉండటం తప్పేమీ కాదు. 2019లో వచ్చిన డెత్ స్ట్రాండింగ్‌కు జపాన్ పత్రిక ఫమిట్సు 40కి 40 వేసింది, ఐజీఎన్ పదికి 6.8 వేసింది. బరువైన సామాను వీపున మోసుకుంటూ, తూలిపడకుండా చూసుకుంటూ, కొండలూ వాగులూ దాటడం ఆ ఆటలో ప్రధానమైన పని. ఆ పనిలో ఒకరికి ప్రశాంతత దొరుకుతుంది, ఇంకొకరికి చాకిరీ కనబడుతుంది. ఎవరు ఏ కారణం చెప్పారో చదివితే మీరు ఏ వైపు ఉంటారో మీకు తెలిసిపోతుంది.

చిక్కంతా కారణాలు రాలిపోయి అంకె ఒక్కటే మిగిలినప్పుడు వస్తుంది. ‘ఈ తరహా నాకు విసుగు’ అన్న వాక్యాన్ని మీరు చదివారు కాబట్టి ఆ అయిదుకు ఎంత విలువ ఇవ్వాలో మీరే నిర్ణయించుకోగలిగారు. సమీక్షల మార్కులను ఒకచోట చేర్చే, 2001లో మొదలైన మెటాక్రిటిక్ వెబ్‌సైట్ లెక్కలోకి ఆ వాక్యం రాదు. అక్కడ పత్రికల మార్కులన్నింటినీ నూటికి మార్చి, ఏ పత్రికకు ఎంత ప్రాధాన్యం ఇస్తున్నారో బయటపెట్టకుండా సగటు కడతారు. ఆ సగటు మీద డబ్బు ఆధారపడిన సందర్భం కూడా ఉంది. 2010లో విడుదలైన ఫాల్అవుట్: న్యూ వేగాస్‌కు మెటాక్రిటిక్‌లో 85 వస్తేనే, దాన్ని తయారుచేసిన ఆబ్సిడియన్ సంస్థకు బోనస్ అందాలన్నది ఒప్పందం. వచ్చింది 84. ఆ సంస్థకు చెందిన క్రిస్ అవెలోన్ 2012లో ఈ సంగతి వెల్లడించారు. అక్కడ మార్కులు తగ్గడానికి కోవ నచ్చకపోవడం కారణమని నేను అనను, విడుదల నాటికి ఆ ఆటలో సాంకేతిక లోపాలు బాగానే ఉన్నాయి. కానీ ఒక్క మార్కు తేడా అవతలివారికి ఎంత నష్టం చేయగలదో తెలిశాక, తనకు తెలియని కోవ ఆటకు అంకె వేయడానికి ఏ సమీక్షకుడికైనా చేయి వెనకాడాలి. మార్కులతో కూడిన సమీక్షను ఆ కోవ తెలిసినవారికే అప్పగించాలని, బయటివారు రాసేదాన్ని మార్కులు లేకుండా ప్రచురించాలని నేను గట్టిగా కోరుకునేది అందుకే. ఫమిట్సులో ఒక్కో ఆటను నలుగురు ఆడి తలా పది మార్కులకు వేస్తారు కాబట్టి, వారిలో ఒకరికి ఆ కోవ పడకపోయినా ఆ సంగతి మిగతా ముగ్గురి అభిప్రాయాల పక్కనే కనబడుతుంది. నలుగురిని పెట్టుకునే స్తోమత అన్ని పత్రికలకూ ఉండదు. ఒక్కరే రాసే చోట ఆ ఒక్కరి ఎంపికే కీలకం.

ప్రశ్న: నేను ఒక చిన్న పత్రికకు గేమ్ సమీక్షలు రాస్తున్నాను. ఎక్కువగా కథ బలంగా ఉన్న రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు నా అభిమాన విషయం. ఈసారి మా ఎడిటర్ గారు ఇద్దరు ముఖాముఖి తలపడే ఒక ఫైటింగ్ గేమ్ అప్పగించారు. ఆ కోవ నాకు అస్సలు పడదు, పైగా నేను అందులో చాలా బలహీనం. కాదంటే మళ్లీ పని ఇవ్వరేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు కాదని చెప్పి చూడండమ్మా. ‘నాకు ఇష్టం లేదు’ అని కాకుండా, ‘ఈ ఆట కొనేవారు తెలుసుకోవాలనుకునే విషయాలు నేను పరీక్షించలేను’ అని చెప్పండి. పాఠకుల మేలు కోరే ఎడిటర్ ఎవరైనా ఆ మాటను గౌరవిస్తారు. పత్రికలో ఆ కోవ తెలిసినవారు ఇంకెవరైనా ఉంటే వారి పేరు కూడా మీరే సూచించండి.

తప్పనిసరైతే, ముందుగా మీరు వేరు చేసి చూసుకోవలసింది మీ బలహీనతను, మీ అయిష్టాన్ని. రెండూ ఒకటి కావు. 2017లో కప్‌హెడ్ ఆటను విడుదలకు ముందే ఒక ప్రదర్శనలో ఆడిన విలేకరి ఆట నేర్పే తొలి భాగమైన ట్యుటోరియల్‌లోనే తడబడిన వీడియో బయటికి వచ్చి, గేమ్ విలేకరులకు ఆడటమే చేతకాదన్న గొడవగా మారింది. నిజానికి ఆయన అక్కడ సమీక్ష రాయలేదు. సరిగా ఆడలేకపోవడం వల్ల సమీక్ష చెడిపోదని నా నమ్మకం, ఎందుకంటే ఆట కొనేవారిలో చాలామంది అంతంతమాత్రంగా ఆడేవారే. ఎంత దూరం ఆడారో, ఏ కష్ట స్థాయిలో ఆడారో, ఎక్కడ ఆగిపోయారో చెబితే చాలు. మీ చేతకానితనాన్ని ఆట లోపంగా రాస్తేనే చిక్కు.

ఇక ఫైటింగ్ గేమ్‌లో ఏం చూడాలి అన్న సంగతి. ఈ ఆటలు సాధారణంగా సెకనుకు 60 ఫ్రేముల వేగంతో నడుస్తాయి. బటన్ నొక్కిన ఎన్నో ఫ్రేముకు గుద్దు తగులుతుంది, ఎదుటివాడు దాన్ని కాచుకుంటే కొట్టినవాడు తేరుకోవడానికి ఎన్ని ఫ్రేములు ఎక్కువ పడుతుంది అన్న లెక్కల మీదే ఆట మొత్తం నిలబడుతుంది. 2023 నాటి స్ట్రీట్ ఫైటర్ 6లో ట్రైనింగ్ మోడ్‌కు వెళ్తే ఈ ఫ్రేములన్నీ తెర మీద రంగుల గడులుగా కనబడతాయి. అందులో ఒక సాయంత్రం గడిపితే, ఇన్నాళ్లూ బటన్లు ఎడాపెడా నొక్కడంగా కనబడినది నిజానికి ఎంత సున్నితమైన లెక్కో మీకు అర్థమవుతుంది. ఆన్‌లైన్ ఆట ఇంతకంటే ముఖ్యం. పాత పద్ధతిలో అవతలివారు ఏం నొక్కారన్న సమాచారం చేరేదాకా ఆట మీ దెబ్బను కూడా ఆపి ఉంచేది, నెట్ నెమ్మదించిందంటే మీరు నొక్కింది ఆలస్యంగా జరిగేది. రోల్‌బ్యాక్ పద్ధతిలో అవతలివారు ఏం నొక్కుతారో ఊహించి ఆట ముందుకు సాగిపోతుంది, ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటుంది. ఫైటింగ్ గేమ్‌లు ఆడేవారు సమీక్షలో మొదట వెతికే సమాచారాల్లో ఇదొకటి. ఈ కోవ తెలియనివారికి దీన్ని పరీక్షించాలన్న ఆలోచన కూడా రాదు, వారు కథ గురించి, బొమ్మల నాణ్యత గురించి నాలుగు పేరాలు రాసి ముగిస్తారు. మీరు మాత్రం దూరంగా ఉన్న ఆటగాళ్లతో, మంచి నెట్ మీదా నాసిరకం నెట్ మీదా ఆడి చూసి, ఎలా ఉందో రాయండి.

ఆ కోవ బాగా ఆడే స్నేహితులు ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. వారి తీర్పు మీకు అక్కర్లేదు, ఆడుతున్నప్పుడు వారి కన్ను ఎక్కడ ఉంటుందో తెలిస్తే చాలు. పాత్రలన్నింటినీ తలా పది నిమిషాలు రుచి చూడటం కంటే ఒక్క పాత్రను ఎంచుకుని పట్టు వచ్చేదాకా ఆడండి. మొదటి రెండు గంటల విసుగును తీర్పుగా రాయకండి. 2009 నాటి డీమన్స్ సోల్స్ ఇంకా తయారవుతుండగా సోనీ ఉన్నతోద్యోగి షుహే యోషిదా దాదాపు రెండు గంటలు ఆడి, ఆరంభం కూడా దాటలేక, బాగోలేదని తేల్చేశారు. అమెరికాలో దాన్ని సోనీ ప్రచురించలేదు, అట్లస్ సంస్థ ప్రచురించింది. ఆ తర్వాత ఆ ఆట ఒక కొత్త కోవకే దారి తీసింది. తమ నిర్ణయం పొరపాటేనని యోషిదానే చెప్పారు. ఆయన ఆటల గురించి తెలియని మనిషి కాడు, ఎంతో అనుభవం ఉన్నవారు. అంతటివారికే రెండు గంటలు చాలలేదు.

మీ కోవ కాని ఆట నిడివి ఎక్కువైతే ఇంకో ప్రమాదం ఉంది. పెర్సోనా 5 వంటి ఆట పూర్తిచేయడానికి దాదాపు 100 గంటలు పడుతుంది, సమీక్ష ప్రచురించవలసిన తేదీ చూస్తే పది పదిహేను రోజుల్లోనే ఉంటుంది. ఇష్టం లేని ఆటను నిద్ర మానుకుని ఆడిన కోపం మనకు తెలియకుండానే వాక్యాల్లోకి దిగుతుంది. అలాంటప్పుడు గడువు పొడిగించమని అడగండి, లేదా ఇంతవరకే ఆడానని సమీక్ష మొదట్లోనే రాయండి. రాసేటప్పుడు మీకు ఏమనిపించిందో చెప్పడానికి ముందు ఆట మీ చేత ఏం చేయించిందో చెప్పండి. ‘పోరాటాలు చికాకు పుట్టిస్తాయి’ అన్న వాక్యంతో పాఠకుడికి ఒరిగేది లేదు. ‘ప్రతి ఓటమి తర్వాత మళ్లీ పోటీలో దిగడానికి మెనూలు మూడు దాటాలి’ అని రాస్తే, ఫైటింగ్ గేమ్‌లంటే ప్రాణం పెట్టేవాడికి కూడా అది ఉపయోగపడే మాటే.

ప్రశ్న: ప్రతి కోవకూ ఆ కోవ అభిమానులే సమీక్షలు రాస్తే, వాళ్లకు ఏదైనా అద్భుతంగానే కనబడుతుంది కదా? కొత్తవారి ఇబ్బందులు ఎవరు చెబుతారు?

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. పైన నేను కోరింది కోవ తెలిసినవారిని, అభిమానులు అందులో ఒక భాగం మాత్రమే. ప్రేమ కొన్ని లోపాలను కనబడనివ్వదు. 2016లో స్ట్రీట్ ఫైటర్ 5 విడుదలైనప్పుడు అందులో ఆర్కేడ్ మోడ్, అంటే కంప్యూటర్ నడిపే పాత్రలతో ఒంటరిగా వరుసగా తలపడే విభాగం, లేదు. టోర్నమెంట్లలో పోటీపడేవారికి పోరాటం పదునుగా ఉంటే చాలు, అది వారికి పెద్ద లోటుగా తోచదు. ఇంట్లో ఒంటరిగా ఆడుకుందామని కొన్నవారికి మాత్రం ఆట సగమే ఇచ్చినట్టు అనిపించింది. ఆ విమర్శ సమీక్షల్లో గట్టిగానే వినబడింది, చివరికి 2018 జనవరిలో ఆర్కేడ్ మోడ్ చేర్చారు. ఆ తర్వాతి ఆటలో కొత్తవారి కోసం ప్రత్యేక దెబ్బలను తేలికగా వేయగలిగే మోడ్రన్ కంట్రోల్స్‌ను, ఒంటరిగా ఆడుకునేవారి కోసం వరల్డ్ టూర్ అనే పెద్ద విభాగాన్ని మొదటి రోజు నుంచే ఇచ్చారు. బయటివారి గొంతు వినబడకపోతే ఇలాంటి మార్పులు రావడం కష్టం.

అందుకే బయటివారి రాతను నేను వద్దనడం లేదు. దానికి వేరే చోటు, వేరే శీర్షిక ఉండాలంటున్నాను. ‘ఈ కోవ ఎప్పుడూ ఆడని మనిషి పది గంటలు ఆడితే’ అన్న పేరుతో, మార్కులు లేకుండా, అసలు సమీక్ష పక్కనే వేస్తే అది ఎంతో విలువైన వ్యాసం అవుతుంది. ట్యుటోరియల్‌లో ఏది చెప్పకుండా వదిలేశారో, ఏ పదం అర్థం కాలేదో, తెర మీది అక్షరాలు ఎంత చిన్నవో పట్టుకోవడంలో అలవాటుపడ్డ కంటి కంటే కొత్త కన్నే చురుకు.

పాఠకులుగా మీరు చేయగలిగింది ఒకటుంది. సమీక్షకుడి పాత సమీక్షలు రెండు మూడు తిరగేసి, అదే కోవ ఆటల గురించి ఇంతకుముందు ఏమన్నాడో చూడండి. ఆ కోవ పడనివాడు ఈసారి మెచ్చుకుంటే, లేదా దాన్ని ప్రాణంలా చూసుకునేవాడు ఈసారి తిడితే, ఆ సమీక్షను తప్పకుండా పూర్తిగా చదవండి. కొత్తగా ఏదైనా కోవలోకి అడుగుపెట్టాలనుకుంటే మాత్రం ముందు బయటివారు రాసింది చదవండి, ఆట కొని కొన్నాళ్లు ఆడాక ఆ కోవ తెలిసినవారి సమీక్షకు వెళ్లండి. మొదట చదివితే అర్థంకాని సగం విషయాలు అప్పటికి మీ చేతికి తెలిసినవే అయి ఉంటాయి.